సంచుల అడుగున

షెడ్డులో అడుగుపెట్టిన కాసేపటికే ఇద్దరు మనుషులు తప్పంతా తమదేనని ఒప్పేసుకున్నారు. నేనింకా ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"నేనే సార్ కడిగేశాను," అన్నాడు పళ్ళ డాక్టరు. కుర్చీ అంచున కూర్చుని, తన రెండు చేతులూ ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. "రేవు మెట్ల మీద ఎర్రగా మరక కనబడింది. చూడగానే అద్దకం మిల్లువాళ్ళ రంగే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆ రంగుతోనే కదా మా పోట్లాటంతా! కోపంకొద్దీ బ్రష్షు పెట్టి రుద్ది రుద్ది కడిగాను. రోజూ నలుగురి నోళ్ళలో రక్తం చూసేవాణ్ణి సార్ నేను. ఆ రోజు పోల్చుకోలేకపోయాను."

"ఏ మెట్టు?"

"అన్నిటికన్నా కిందిది. నీళ్ళు తగిలీ తగలనట్టుండే చోటు."

"నీది కడిగిన పాపం. మరి నాదో?" అంది కుట్టక్క. ఆమె దర్జీ. రేవుకి వెళ్ళే సందు మొదట్లో కొట్టు ఉంది. నది సంఘానికి కావలసిన సంచులన్నీ పాత బ్యానరు గుడ్డలతో ఆమే కుట్టిపెడుతుంది. "శనివారం చీకటి పడుతుండగా మాస్టారు మా కొట్టు ముందు నుంచే వెళ్ళారు. మొహం బాగోలేదు. పిలుద్దామనుకున్నా. చేతిలో చొక్కా కాలరు ఉంది, ఈ ఒక్క కుట్టూ అయిపోనీ అనుకున్నా. తలెత్తేసరికి సందు తిరిగిపోయారు. పిలిచుంటే బతికేవారు కదా సార్?"

నేరం చేసినవాడి నోరు విప్పించడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. ఏమీ చెయ్యనివాడు నేరాన్ని నెత్తినేసుకోవడానికి ఎంత తొందరపడతాడో ఈ కేసులోనే చూస్తున్నాను. సెలవు రోజుల్లో నిద్ర మానుకుని ఎవరో పారేసిన చెత్త ఏరడానికి వచ్చేవాళ్ళు వీళ్ళు. ఇతరుల తప్పుని తమ చేతుల్లోకి తీసుకోవడం వీళ్ళకి అలవాటైపోయింది. అలాంటివాళ్ళ మధ్య అసలు తప్పు చేసినవాణ్ణి వెతకడమంటే, అందరూ దగ్గుతున్న గదిలో జబ్బు ఎవరిదో కనిపెట్టడం లాంటిది.

జరిగింది క్లుప్తంగా ఇదీ. పోయిన ఆదివారం పొద్దున్న నది సంఘం వాళ్ళు ముప్ఫై మంది దాకా వచ్చి రేవంతా శుభ్రం చేశారు. చివరగా, నదికి అడ్డంగా కట్టిన తేలుడు వలని ఒడ్డుకి లాగబోయారు. ఖాళీ డబ్బాలు తాడుకి గుచ్చి, కింద వల వేలాడదీసిన కట్టు అది. పైనుంచి కొట్టుకొచ్చే చెత్త దానికి తగులుకుని ఆగుతుంది. ఆ పొద్దున్న అది మామూలు కన్నా బరువుగా వచ్చింది. వలలో మాస్టారున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆ సంఘాన్ని పెట్టినవాడు. ఆ వల కట్టించినవాడు.

అంటే, ఆయన ఎలా నీళ్ళలో పడ్డాడో చెప్పగలిగిన ప్రతి గుర్తునీ ఆయన సొంత మనుషులే అప్పటికి ఎంతో శ్రద్ధగా ఏరి, కడిగి, సంచుల్లో నింపేశారు.

రెండు రోజుల తర్వాత మాస్టారి భార్య నా ఆఫీసుకి వచ్చింది. ఎవరు చంపారో కనిపెట్టమని ఆమె అడగలేదు.

"అన్నయ్యగారూ, ఆయన్ని నేను చంపానా లేదా? అదొక్కటి తేల్చి చెప్పండి చాలు," అంది. "ఆ సాయంత్రం పోట్లాడుకున్నాం. ఇంట్లో పంపు కారుతుంటే ఏడాదిగా పట్టించుకోని మనిషి నదిని బాగుచేస్తాడట అన్నాను. చెప్పులు తొడుక్కుంటుంటే, 'వెళ్ళండి, ఆ నదిలోనే పడుండండి, మళ్ళీ ఇంటికి రాకండి' అన్నాను. కోపం వస్తే ఆయన షెడ్డులో పడుకోవడం మామూలే. అందుకే రాత్రి వెతకలేదు. ఆ రేవు మొహం నేనెప్పుడూ చూసిందీ లేదు. తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది. అలా ఎలా పట్టిందండీ నిద్ర?"

ఆ పోట్లాట సంగతి విని ఇన్‌స్పెక్టరు ఆత్మహత్య అని రాసేశాడు. ఒక ఆడమనిషి జన్మంతా మొయ్యవలసిన మాటని తీసుకెళ్ళి ఫైల్లో పెట్టి మూసేశాడు.

ఆ ఇన్‌స్పెక్టరే ఇప్పుడు షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను పోలీసు ఉద్యోగం వదిలేసిన రోజున నా కుర్చీలో కూర్చున్నవాడు. అంతకుముందు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్పినదంతా గుర్తుంది అతనికి, అదే నా బాధ.

"గురువుగారూ, నేను వేసిన సీలు మీరు తీయించారట?"

"మీ పైవాళ్ళు రాసిచ్చారు."

"రాసిస్తారు. మీరంటే ఇంకా మొహమాటం వాళ్ళకి." సంచుల వరస కేసి చూసి ముక్కు చిట్లించాడు. "డిపార్టుమెంటు వదిలేసింది ఇలా చెత్త ఏరుకోవడానికా?"

"నువ్వు వదిలేసింది ఏరుకుంటున్నాను."

కుట్టక్క నవ్వబోయి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మాస్టారి కళ్ళజోడు ఏది?" అన్నాను.

"నదిలో."

"చొక్కా జేబులో పెన్ను ఉంది. చేతికి వాచీ ఉంది. ఒక కాలికి చెప్పు కూడా ఉంది. కళ్ళజోడొక్కటే పోయిందా?"

"చావాలనుకున్నవాళ్ళు కళ్ళజోడు తీసి ఒడ్డున పెడతారు. ఈ పాఠం చెప్పింది మీరే. తెల్లవారి వీళ్ళొచ్చి చీపురు పట్టారు. చెత్తలో కలిసిపోయింది. కథ కంచికి."

"ఏమిటి కలిసేది?" కుట్టక్క లేచింది. "మాస్టారి కళ్ళజోడు మాకు తెలీదా? సీసా అడుగంత మందం ఉంటాయి అద్దాలు. ఒడ్డున దొరికితే ఆయన చేతికే ఇచ్చేవాళ్ళం కదండీ. ఇంకెవరి వస్తువు దొరికినా పడెయ్యం, ఆ గూట్లో డబ్బాలో పెడతాం. చూసుకోండి."

డబ్బా నేను అప్పటికే చూశాను. ఒక గొడుగు, పిల్లల బూటు ఒకటి, రెండు తాళంచెవులు. కళ్ళజోడు లేదు.

"డబ్బాలో లేదు కాబట్టి మిగిలింది సంచులే," అన్నాను. "ఇవి ఆదివారం నుంచి కదిపారా?"

"లేదు సార్. సోమవారం లారీ రావాలి. వీళ్ళు సీలు వేశాక రానివ్వలేదు," అన్నాడు డాక్టరు.

షెడ్డు చిన్నది. ఒక గోడకి వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో సంచి. గాజు, ఇనుము, ప్లాస్టిక్, గుడ్డలు, ఇంక దేనికీ పనికిరాని చిత్తు. సంచులు నా నడుము దాకా లోతున్నాయి. రేవులో ఏరింది తెచ్చి మధ్యలో పట్టా మీద పోస్తారు. చుట్టూ కూర్చుని రకం రకం విడదీసి సంచుల్లో వేస్తారు. సీసా దొరికితే మూత తీసి మూతని ఒక సంచిలో, సీసాని ఇంకో సంచిలో. గొడుగు విరిగితే గుడ్డ వేరు, ఊచలు వేరు. మరలు విప్పడానికి గూట్లో చిన్న స్క్రూడ్రైవర్లు కూడా ఉన్నాయి. ఈ విడదీయడం మీద మాస్టారికి మహా పట్టింపట. ఒక్క తప్పుడు ముక్క పడితే సంచి మొత్తం లారీవాడు వెనక్కి పంపేస్తాడని, కొత్తవాళ్ళ చేత పరీక్ష కూడా రాయించేవాడట.

గాజు సంచిని నేనూ డాక్టరూ కొక్కెం నుంచి దింపాం. మూతి దగ్గర పట్టుకుని పట్టా మీద గిన్నె బోర్లించినట్టు బోర్లించి, సంచిని మెల్లగా పైకి లాగాం. సీసాలు గలగలమని జారి కుప్పగా నిలిచాయి. అన్నిటికన్నా ముందు సంచిలో పడ్డవి ఇప్పుడు అన్నిటికీ పైన ఉన్నాయి.

కుప్ప పైన రెండు అద్దాలున్నాయి. గుండ్రంగా, మందంగా, పగలకుండా, ఒకదాని పక్కన ఒకటి.

కుట్టక్క వంగి చూసి, ముట్టుకోకుండానే వెనక్కి జరిగింది. నాకు సంతోషం కలిగింది. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమేనని చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఒక మనిషి చూపు అక్కడ సీసాల మీద పడి ఉంటే, నా ఊహ నిజమైందని నా లోపల ఎవరో చేతులు రుద్దుకున్నారు. ఈ వృత్తిలో మనిషికి పట్టే తుప్పు ఇదే.

ఇనుము సంచి బోర్లించాం. రేకు డబ్బాలు, మేకులు, తీగలు. కుప్ప పైన కళ్ళజోడు ఫ్రేము. చెవులకి తగిలించే కాడలు మడిచి ఉన్నాయి. అద్దాల్ని పట్టుకునే వలయాలకి రెండు పక్కలా మరలు విప్పి ఉన్నాయి. విరగలేదు, వంగలేదు.

"ఇప్పుడు చెప్పు," అన్నాను. "ఒడ్డున పెట్టిన కళ్ళజోడు ఇలా అవుతుందా?"

ఇన్‌స్పెక్టరు తొందరపడలేదు. ఫ్రేము చుట్టూ ఒకసారి తిరిగి, గెడ్డం గీరుకున్నాడు.

"అవుతుంది. ఆయనే చేశాడు."

"ఏమిటీ?"

"ఆలోచించండి గురువుగారూ. విడదీయడమంటే పట్టింపు ఉన్న మనిషి. కొత్తవాళ్ళకి పరీక్షలు పెట్టేవాడు. చావడానికి వచ్చాడు. ఈ లోకంలో తన వల్ల ఒక్క ముక్క చెత్త మిగలకూడదనుకున్నాడు. షెడ్డులోకొచ్చి కళ్ళజోడు విప్పాడు, అద్దాలు గాజులో వేశాడు, ఫ్రేము ఇనుములో వేశాడు. చేతులు దులుపుకుని వెళ్ళి నదిలో దిగాడు. ఇంకా మాట్లాడితే, ఇది ఆత్మహత్యకి ఉత్తరం కన్నా గట్టి సాక్ష్యం."

డాక్టరు మొహం పాలిపోయింది. అతను నమ్మేశాడు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మబోయాను. ఆ చిత్రంలో ఒక అందం ఉంది. అబద్ధానికి అంత అందం ఉండటం న్యాయం కాదు.

"మరి కింది మెట్టు మీద రక్తం?"

"దూకాడు. తగిలింది."

"సరే. డాక్టరుగారూ, కళ్ళజోడు లేకపోతే మాస్టారికి ఎంతవరకు కనబడేది?"

డాక్టరు తడబడ్డాడు. "నా కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళజోడు తీయించేవాణ్ణి కదా... నా చెయ్యి నోటి దగ్గరికొచ్చే దాకా తెలిసేది కాదు ఆయనకి. తీసి పక్కన పెట్టిన కళ్ళజోడు కోసం బల్లంతా తడుముకునేవారు."

ఫ్రేము పక్కనే రేకు డబ్బా మీద మెరుస్తున్న మరని వేలి కొసకి అంటించుకుని ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. ఆవగింజలో సగం లేదు అది.

"కళ్ళజోడు పెట్టుకుని ఉండగా దాని మర విప్పలేం. తీసేశాక ఆయనకి మర కాదు కదా, మరని పట్టుకున్న చెయ్యే కనబడదు. చీకటి పడే వేళ. షెడ్డులో ఒకటే బల్బు, అదీ ఆ మూల. ఇది విప్పినవాళ్ళ కళ్ళు మంచివి. నా కళ్ళు కావు, నీవీ కావు."

అతను నా వేలి మీద మర కేసి చూశాడు. జేబులోంచి తన చత్వారపు కళ్ళజోడు తీయబోయి, మానేశాడు.

"అయితే చంపినవాడు కళ్ళజోడు విప్పుకుంటూ కూర్చున్నాడంటారా? పక్కనే నది ఉంది కదండీ. విసిరేస్తే పోయేదానికి?"

"అదే నేనూ ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నాను. నువ్వయితే విసిరేస్తావు. నేనూ విసిరేస్తాను. కళ్ళజోడు చేతిలో ఉంది, ఎదురుగా నీళ్ళున్నాయి, ఎవరూ చూడటం లేదు. అయినా నదిలో చెత్త వెయ్యడానికి చెయ్యి రాని మనిషి అది. ఒక ప్రాణం అప్పుడే ఆ నీళ్ళలోకి వెళ్ళిపోయింది, అయినా చెయ్యి రాలేదు. ఆలోచించి చేసిన పని కాదు. మనసు ఏం చేస్తోందో తనకే తెలియనప్పుడు అలవాటు ఒక్కటే మిగులుతుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి."

కుట్టక్క పట్టా మీద కూలబడింది. "మాలో ఒకళ్ళన్నమాట," అంది.

"మాస్టారంటే మీలో ఎవరికైనా కోపముందా?"

కుట్టక్క డాక్టరు వైపు చూసింది. డాక్టరు మళ్ళీ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అందరికీ ఉంది సార్, ఆ ఒక్క రోజు," అన్నాడు. "దానికీ నేనే కారణం. మిల్లువాళ్ళు మాస్టారిని పిలిచి, కొత్త వల ఇస్తాం, మోటారు పడవ ఇస్తాం, నీళ్ళలో రంగు మా మిల్లుది కాదని సంఘం తరఫున ఒక్క కాగితం మీద సంతకం పెట్టండి అన్నారట. ఆయన సరేనన్నారు. పాత వల ఈ వానాకాలం దాటదు, వల లేకపోతే నది ఇంకా పాడవుతుందని ఆయన లెక్క. సోమవారం చెబుతాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు అన్నారు నాతో. నాకు కడుపులో ఆగలేదు. శనివారం మధ్యాహ్నం సంఘం ఫోను గ్రూపులో పెట్టేశాను. ఎవరెవరో ఎన్నెన్ని మాటలన్నారో!"

"ఇంక మిగిలింది ఒక్కటే. ఈ సంచులు ఖాళీగా ఉన్నప్పుడే ఇవి లోపల పడ్డాయి. ఖాళీ సంచులు ఎప్పుడు తగిలిస్తారు?"

"ముందు రోజు సాయంత్రం," అంది కుట్టక్క. వెంటనే నోరు మూసుకుంది. ఆమె కళ్ళలోకి ఏదో వచ్చి నిలబడింది.

"ఎవరు తగిలిస్తారు?"

"ఎవరో ఒకళ్ళు..."

"అక్కా."

"నన్నడక్కండి సార్. నా చేతుల మీద పెరిగిన పిల్ల."

ఇంక అడగనక్కర్లేకపోయింది. అయినా డాక్టరు చెప్పేశాడు, కడుపులో ఏదీ ఆగని మనిషి కదా. "మాస్టారి అమ్మాయి. ప్రతి శనివారం తనే. షెడ్డుకి ఒకటే తాళంచెవి, వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆదివారం వచ్చి తీసింది కూడా తనే. నాన్నగారేరీ అని నేనే అడిగాను. వస్తారులెండి అంది. పట్టా దగ్గర కూర్చుని మాతోపాటే అన్నీ విడదీసింది."

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. గెలిచిన మనిషి మొహం కాదు అతనిది. ఆత్మహత్య అని రాసినవాడికి హత్య అని మళ్ళీ రాయడం ఎంత చేదో నాకు తెలుసు.

"నేను ముందు వెళ్తాను," అన్నాను. "ఆవిడకి నేను ఒక సమాధానం బాకీ."

"నేను గుమ్మం దగ్గరుంటాను. కానీ వింటాను గురువుగారూ. వినొద్దని మాత్రం అడక్కండి."

*

వంటింటి పంపు ఇంకా కారుతూనే ఉంది. కింద గిన్నె పెట్టారు. చుక్క పడ్డప్పుడల్లా మాస్టారి భార్య మొహంలో ఏదో కదిలేది. బాగుచేయించకూడదని ఆమె నిర్ణయించుకున్నట్టుంది. శిక్షలు మనకి మనమే ఎంత చవగ్గా తయారుచేసుకుంటామో!

కూతురు మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. ఆ రంగు ఎవరిదో తెలిసిన పిల్ల, నాన్న సంతకం సంగతి శనివారం ఆ గ్రూపులోనే చదివి ఉంటుంది. నిద్ర లేని కళ్ళు. అయినా గ్లాసు చుట్టూ తడిని తుడిచి మరీ పెట్టింది.

"నువ్వు కాసేపు బయటికెళ్ళమ్మా" అనవలసింది నేను. అనలేదు. ఎందుకు అనలేదో అప్పుడే నాకు తెలుసు.

"ఏం తేలిందన్నయ్యగారూ?" అంది తల్లి.

"ఆయన తనంతట తాను పడలేదు. మీ మాట ఆయన్ని చంపలేదు."

ఆమె వెంటనే నమ్మలేదు. నా మొహంలో జాలి కోసం వెతికింది. దొరకలేదేమో, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. భుజాలు దిగాయి. ఇన్నాళ్ళూ ఎంత ఎత్తున బిగబట్టుకుందో దిగాకే తెలిసింది.

"విన్నావుటే?" అంది కూతురితో, ఏడుస్తూ నవ్వుతూ. "నేను కాదటే! మీ నాన్న నా మాట పట్టుకుని వెళ్ళిపోలేదటే!"

కూతురు తలుపు చెక్కకి ఆనుకుని నిలబడి ఉంది. "విన్నానమ్మా," అంది. ఇన్నాళ్ళూ పక్క గదిలో తల్లి ఏడుపు కూడా అలాగే విని ఉంటుంది. ఒక్క మాటతో ఆపగలిగి ఉండీ ఆపలేదు. ఆ అమ్మాయి అసలు నేరం నా దృష్టిలో అదే. అయినా ఆ మొహం చూస్తే, ఆ నేరానికి శిక్ష అప్పటికే మొదలైపోయిందని తెలుస్తూనే ఉంది.

"మరి ఎవరండీ?" తల్లి కళ్ళు తుడుచుకుంది. "ఆ మిల్లువాళ్ళా?"

"ఆయన కళ్ళజోడు షెడ్డులో దొరికింది. ఎవరో దాన్ని విడదీశారు. అద్దాలు గాజు సంచి అడుగున, ఫ్రేము ఇనుము సంచి అడుగున. శనివారం సాయంత్రమే వేశారు. ఆ రాత్రి ఆయన షెడ్డులో పడుకున్నారనుకున్నానని చెప్పారు మీరు."

"అవును. కోపమొస్తే అక్కడే కదా."

"పడుకోవాలంటే తాళంచెవి కావాలి. ఆదివారం పొద్దున్న అమ్మాయి వెళ్ళేటప్పుడు తాళంచెవి ఎక్కణ్ణుంచి తీసుకుంది?"

"ఎక్కణ్ణుంచేమిటి, అదుగో ఆ మేకు మీద..."

ఆమె చూపుడు వేలు గోడ వైపు చాచింది. వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. షెడ్డు తాళం వేసి ఉంది, తాళంచెవి ఇంట్లో ఉంది, మనిషి షెడ్డులో ఉన్నాడనుకుని తను నిద్రపోయింది. అంతా ఒక్కసారిగా ఆమెకి అర్థమవడం నేను చూశాను. లెక్కల మాస్టారితో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఎక్కువసేపు పట్టలేదు.

ఆమె కూతురి వైపు తిరగలేదు. ఎంత కష్టపడి తిరగకుండా ఉందో మెడ నరాల్లో తెలిసింది. చాచిన వేలుని మెల్లగా మడుచుకుంది.

"నేనే తగిలించాను," అంది.

"ఏమిటి?"

"ఆ తాళంచెవి మేకుకి నేనే తగిలించాను. అమ్మాయి తెచ్చి బల్ల మీద పడేసింది. ఆయన వెళ్ళాక అది తీసుకుని ఆయన వెనకాలే వెళ్ళాను. రేవు దగ్గర మళ్ళీ మాటా మాటా పెరిగింది. తోశాను. పడిపోయారు. రాసుకోండి. నేనే."

"అమ్మా!" అంది కూతురు.

"నువ్వు నోరు ముయ్యి. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఏమిటి?"

ఇన్‌స్పెక్టరు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఆమె అతన్ని చూసి బెదరలేదు. పైగా కుర్చీ చూపించింది. "రండి బాబూ. మీరు రాసింది తప్పు కాదు. నా వల్లే పోయారని రాశారు. నా వల్లే పోయారు. కొంచెం మార్చుకుంటే సరిపోతుంది."

మొన్న తన మెడ మీద నుంచి దింపమని నన్ను బతిమాలుకున్న బరువు అది. నేను దింపాను. కింద ఎవరున్నారో కనబడగానే వంగి మళ్ళీ తనే ఎత్తుకుంది. ఈసారి బతిమాలటం లేదు. నా చేతుల్లోంచి లాక్కుంటోంది.

ఇన్‌స్పెక్టరు నా కేసి చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. ఒప్పుకోలు ఉంది. కారణం ఉంది. పాత ఫైలు పూర్తిగా తప్పు కాకుండా పోతుంది. నేను కాదనకపోతే చాలు, అతను కాదనడు. ఆమె కూడా సుఖంగా జైలుకి వెళ్తుంది. అవును, సుఖంగానే. తలుపు చెక్క దగ్గర అమ్మాయి మాత్రం ఏదో ఒక రోజున ఆ రేవు మెట్ల మీద నుంచి తనూ దిగుతుంది. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చెయ్యబోయే పనికి నాకో కారణం కావాలి, అది దొరికింది.

"చెల్లెమ్మా," అన్నాను, "కళ్ళజోడు మీరే విడదీశారా?"

"నేనే."

"ఆ రేవు మొహం ఎప్పుడూ చూడలేదన్నారు?"

"చూడకపోతే మాత్రం? ముప్ఫై ఏళ్ళుగా అన్నం తింటూ ఆయన చెప్పేదంతా ఈ చెత్త గురించే. అద్దాలు గాజులో. ఫ్రేము ఇనుములో. ఇందులో పెద్ద చదువేముంది?"

"ఫ్రేముకి ముక్కు మీద ఆనే మెత్తటి బిళ్ళలు రెండుంటాయి. అవి?"

అంతవరకు ఆ బిళ్ళల సంగతి నాకే తట్టలేదు. షెడ్డులో వాటిని వెతకనూ లేదు. ఆమె ఒక్క క్షణం తడబడింది. తర్వాత ధైర్యంగా, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లలా చెప్పింది.

"ప్లాస్టిక్ సంచిలో వేశాను."

"అవి సిలికాన్ అమ్మా," అంది కూతురు. "ప్లాస్టిక్‌లో వేస్తే సంచి మొత్తం వెనక్కి పంపేస్తారు. చిత్తులో వేశాను."

పంపులోంచి చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

ఆ అమ్మాయి తను ఏమందో తనకే ఇంకా వినబడనట్టు నిలబడి ఉంది. తల్లి ఒక్క అంగలో వెళ్ళి కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మాట అప్పటికే గది మధ్యలో ఉంది.

ప్రశ్న తల్లిని అడిగాను. అడుగుతున్నంతసేపూ నా కళ్ళున్నది కూతురి మీద. ఒక తప్పుడు ముక్క తప్పుడు సంచిలో పడుతుంటే చూస్తూ ఊరుకోలేని పిల్ల అది. అందుకే ఆమెని బయటికి పంపలేదు. ఒక తల్లి చేత అబద్ధం ఆడించి, ఆ అబద్ధాన్ని ఎరగా వేసి కూతుర్ని లాగాను.

ఇన్‌స్పెక్టరు కదల్లేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తల్లి ఒక చేత్తో కూతురి నోరు మూసి, రెండో చేత్తో ఆమె తలని తన భుజానికి అదుముకుని, నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అన్నయ్యగారూ," అంది, చాలా మెల్లగా, పక్కింటివాళ్ళకి వినబడుతుందన్నట్టు. "మీరేమీ వినలేదు కదూ?"